చెడగొట్టింది మేము, బాగుచేసింది వారు: సీటీసీలో ఒక రిపేరు దుకాణం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, జంటనగరాల వారంతా సీటీసీ అని పిలుచుకునే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఇద్దరు నిలబడితే మూడోవారు బయట వేచి ఉండవలసినంత ఇరుకైన కంప్యూటర్ రిపేరు దుకాణం ఒకటి ఉంది. ఏడాదిన్నరలో అక్కడికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ యంత్రం తనంతట తాను చెడిపోలేదు. మా ఇంటివాళ్లమే చెడగొట్టాం.

మొదటి నేరం పూర్తిగా నాది. దసరాకు ఆయుధపూజ చేద్దామని పాత డెస్క్‌టాప్ సీపీయూను తుడుస్తూ, వెనక ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) మీదున్న ఎర్రటి చిన్న వోల్టేజి స్విచ్చిలో ఇరుక్కున్న దుమ్మును అగ్గిపుల్లతో గీకబోయి, దాన్ని 230 నుంచి 115కి జరిపేశాను. పసుపు కుంకుమలు పెట్టి స్విచ్చి వేయగానే సీమటపాకాయ పేలినట్టు శబ్దం, ఆ వెంటనే అగరుబత్తీతో సంబంధం లేని పొగ! దుకాణదారు అన్నిటికంటే ముందు అడిగింది ఒక్కటే: “ఏం చేశారో ఉన్నదున్నట్టు చెప్పండి సార్, నేనేమీ అనుకోను.” చెప్పాక మూత విప్పి, నెత్తి పగిలిన కెపాసిటర్‌ను, అంటే విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే చిన్న డబ్బాలాంటి భాగాన్ని, చూపించారు. 115 దగ్గర పెడితే లోపలి సర్క్యూట్ వచ్చిన వోల్టేజిని రెట్టింపు చేస్తుందట. అందువల్ల మన ఇళ్లలోని 230 వోల్టుల కరెంటు అందేసరికి, 200 వోల్టులకు మాత్రమే తయారైన ఒక్కో కెపాసిటర్ మీద ఆ కరెంటు గరిష్ఠ స్థాయి, అంటే దాదాపు 325 వోల్టులు, పడింది. వేరే ఎస్ఎంపీఎస్ తగిలించి, మదర్‌బోర్డు క్షేమమని నా కళ్లెదుటే చూపించారు. కొత్తది మాత్రం అసలు ఆ స్విచ్చే లేని రకం ఇచ్చి, “మీకిదే మంచిది” అన్నారు. అందులో వెటకారం ఎంతుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రెండోసారి మా ఆవిడ ల్యాప్‌టాప్ మీద మజ్జిగ ఒలికింది. ఎవరో చెప్పారని దాన్ని రెండు రోజులు బియ్యం డబ్బాలో దాచి, మరింత పాడుచేసి తీసుకెళ్లాం. ఆయన పట్టకారుతో యూఎస్‌బీ పోర్టులోంచి రెండు బియ్యపు గింజలు తీసి, కాగితం మీద పెట్టి, మా వైపు జరిపారు. నీళ్లు ఆరినా మజ్జిగలోని ఉప్పు బోర్డు మీదే మిగిలి లోహాన్ని తినేస్తుందని, ఒలికిన క్షణమే చార్జరు పీకి, ఆపేసి, మళ్లీ ఆన్ చేయకుండా తీసుకురావలసిందని వివరించారు. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో కడిగి, కీబోర్డు ఒక్కటే మార్చారు.

మూడోది మా మేనల్లుడు కావాలని చేసిన పని. విండోస్ నడవడానికి కావలసిన ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌ను తీసేస్తే ఏమవుతుందో చూడాలనుకున్నాడు. విండోస్ అంత తేలికగా ఒప్పుకోదు కాబట్టి, ఫైళ్ల యాజమాన్యాన్ని తన పేరుకు మార్చుకుని మరీ తీశాడు. విండోస్ మళ్లీ ఎక్కించే ముందు హార్డ్‌డిస్కులోని ఫోటోలను వేరేచోట భద్రపరచాలని మాకు తోచలేదు, ఆయనకు తోచింది.

లోపాలూ ఉన్నాయి. రేపు అంటే ఎల్లుండి తర్వాతి రోజని అర్థం చేసుకోవాలి, ఫోను ఎత్తరు, బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు. రసీదు అడిగితే చిత్తుకాగితం మీద అంకె వేసి ఇస్తారు, దాంతో వారంటీ మాటల మీదే నడవాలి. ఇంత నేర్పున్న మనిషికి ఒక బిల్లు పుస్తకం పెద్ద బరువేమీ కాదు. అందుకే ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను.