రిజర్వాయర్ లోయ చుట్టూ కొండల మీద నడకకు లివర్ లాక్ ట్రెక్కింగ్ పోల్స్: రివ్యూ

మూడు ముక్కల అల్యూమినియం పోల్స్ (కొండ నడకలో చేతుల్లో పట్టుకునే కర్రలు), మీటతో బిగించే లివర్ లాకు, ఫోమ్ పిడి. జత బరువు అర కిలో అటూ ఇటూ. మూసేస్తే సుమారు 65 సెంటీమీటర్లు, పూర్తిగా చాపితే 135. ఇవే కొలతలతో చాలా కంపెనీలు అమ్ముతున్నాయి కాబట్టి ఈ రివ్యూ ఏ ఒక్క బ్రాండుకో చెందింది కాదు. కొనేటప్పుడు కూడా పేరు కన్నా తయారీ చూసుకోవాలి.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఒక కొండెక్కి అదే దారిన దిగిపోయేవాళ్లకు ఇవి ఉంటే మంచిదే, లేకపోయినా పని నడుస్తుంది. లోయ మధ్యలో నీళ్లు, చుట్టూ కొండలు ఉన్నచోట ఒక పక్క ఎక్కి, కొండ వెన్ను మీదుగా లోయంతా చుట్టి, రెండో పక్కన దిగే నడక చేసేవాళ్లు మాత్రం షూస్ తర్వాత డబ్బు పెట్టాల్సింది వీటి మీదే.

ఎందుకో లెక్క వేసి చూడండి. వరుసగా నాలుగు కొండలు, ఒక్కోటి లోయ నుంచి 350 మీటర్ల ఎత్తు అనుకుందాం. కొండకీ కొండకీ మధ్య కనుమలో 100 మీటర్లు దిగి, మళ్లీ అంతా ఎక్కాలి. మొదటి ఎక్కుడు 350, ఆపైన మూడు సార్లు వంద, మొత్తం 650 మీటర్లు. దిగుడూ అంతే. మ్యాపులో చూస్తే 350 మీటర్ల కొండే కదా అనిపిస్తుంది, మోకాళ్లకు అందేది దాదాపు రెట్టింపు. పైగా కింద రిజర్వాయర్ నిండుగా కనిపిస్తూనే ఉంటుంది, పైన తాగడానికి చుక్క దొరకదు. మన విశాఖ ఉక్కపోతలో మనిషికి నాలుగు లీటర్లు మోసుకుపోక తప్పదు. అంటే మొదటి నిటారు ఎక్కుడుకే వీపు మీద నాలుగు కిలోల అదనపు బరువు.

పోల్స్ వల్ల ఆయాసం తగ్గుతుందనుకోవద్దు. చేతులు, భుజాలు కూడా పనిలోకి దిగుతాయి కనుక గుండె కాస్త వేగంగానే కొట్టుకుంటుంది. లాభం కాళ్లకు, ముఖ్యంగా దిగేటప్పుడు మోకాళ్లకు. చివరి దిగుడుకి తొడలు వణకడం మొదలైనప్పుడు పక్కకు తూలిపోకుండా ఆపేవి ఇవే.

ఇక లాకు. ఈ నడకలో ఎక్కే ముందు పోల్ కొంచెం తగ్గించాలి, దిగే ముందు పెంచాలి. ఒకే కొండైతే రోజుకు రెండుసార్లు ఆ పని. పైన చెప్పిన నాలుగు కొండల రౌండులో ఎనిమిది సార్లు, రెండు చేతులకూ కలిపి పదహారు. తిప్పి బిగించే లాకు ఓడిపోయేది ఇక్కడే. దాని లోపల ప్లాస్టిక్ బుడిపె ఒకటి ఉంటుంది. తిప్పితే అది వెడల్పై గొట్టం గోడకు లోపలి నుంచి ఒత్తుకుంటుంది. ఆ గోడకు తడి, ఎర్రమట్టి దుమ్ము పట్టాయంటే పట్టు పోతుంది. బిగించినట్టే ఉంటుంది, దిగుతూ బరువు మోపగానే పోల్ లోపలికి కూరుకుపోతుంది. మనిషి ముందుకు పడేది అప్పుడే. చెమట చేతులతో గట్టిగా బిగించాలంటే బలం కూడా చాలదు.

లివర్ లాకు బయటి నుంచి పట్టుకుంటుంది. గొట్టం చుట్టూ ఒక పట్టీ, దాని మీద వేలెడు మీట, మీటకు ఎదురుగా చిన్న స్క్రూ. మీట మూసేటప్పుడు బొటనవేలికి గట్టిదనం తెలియాలి, చివర్లో టక్కున కూర్చోవాలి. వేలు తగలగానే మూసుకుపోతోందంటే వదులుగా ఉన్నట్టు. అరచెయ్యి పెట్టి నొక్కితే గానీ మూసుకోవడం లేదంటే మరీ బిగువు. ఆ బిగువుకి కొన్నాళ్లకు ప్లాస్టిక్ పట్టీ పగులుతుంది. సరిచేయాలంటే మీట తెరిచి స్క్రూని పావు వంతు తిప్పి, మూసి చూడాలి. ఒకేసారి ఒక చుట్టు తిప్పేయకూడదు. తర్వాత పోల్ నిలువుగా ఆనించి పిడి మీద రెండు చేతులతో ఒంటి బరువంతా మోపండి. ఒక్క సెంటీమీటరు జారినా ఇంకో పావు వంతు. ఈ పరీక్ష ఇంటి గుమ్మం దగ్గరే అయిపోవాలి. వేలితో తిప్పే స్క్రూ ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, దారిలో స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

గొట్టం మీద 'స్టాప్' గీత దాటి పోల్‌ని లాగకూడదు. ఒక ముక్క ఇంకో దానిలో తగినంత లోతు లేకపోతే అల్యూమినియం అక్కడే వంగుతుంది. లాకులు రెండుంటాయి. కింది ముక్కని స్టాప్ గీత దగ్గరో, ఇంకాస్త లోపలో ఒకచోట స్థిరంగా ఉంచేసి, దారిలో పై లాకుతోనే ఎత్తు మార్చుకుంటే పని సగమవుతుంది. ముద్రించిన కొలతలు కొన్నాళ్లకు అరిగిపోతాయి. మీ మూడు ఎత్తుల దగ్గరా గోళ్ల రంగుతో గీత పెట్టుకోండి.

ఆ మూడు ఎత్తులు ఏమిటంటే: చదునుగా ఉన్నచోట మోచెయ్యి తొంభై డిగ్రీల్లో ఉండాలి. 165 సెంటీమీటర్ల మనిషికి ఇది 110 నుంచి 115 దగ్గర పడుతుంది. ఎక్కేటప్పుడు అయిదు నుంచి పది తగ్గించాలి, దిగేటప్పుడు అంతే పెంచాలి. ఎక్కుతూ భుజాలు చెవుల దగ్గరకు లేస్తున్నాయంటే పోల్ పొడవెక్కువ. దిగుతూ నడుం వంగుతోందంటే పొట్టి. ఏటవాలుని అడ్డంగా దాటే చిన్న చిన్న చోట్ల మార్చక్కర్లేదు, పై పక్క చేతిని పిడి కిందికి జరిపితే చాలు. అందుకే ఫోమ్ పిడి కిందికి ఇంకో జానెడు సాగి ఉన్న పోల్ కొనమంటున్నాం. ఎత్తు మార్చాల్సిన సార్లు చాలా వరకు తగ్గుతాయి.

రబ్బరు పిడి మన ఊరికి పనికిరాదు. చలి దేశాల్లో బాగుంటుందేమో గానీ, ఇక్కడ గంటలో చెమటకి జారుతుంది, అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. ఫోమ్ చెమట పీల్చుకుంటుంది. కార్క్ ఇంకా హాయిగా ఉంటుంది, ధర ఎక్కువ.

మన కొండల రాయి గురించి చెప్పకుండా మొన గురించి చెప్పలేం. విశాఖ చుట్టూ ఉన్నది ప్రధానంగా ఖొండలైట్. ఖొండు గిరిజనుల పేరు మీదుగా వచ్చిన పేరది. ఎండకీ వానకీ ఇది పైపైన కుళ్లి ఎర్రమట్టిగా, గరుకు రవ్వగా రాలుతుంది, కింద గట్టి బండ అలాగే ఉంటుంది. ఎండాకాలంలో ఆ రవ్వ మీద కాలు వేయడమంటే గచ్చు మీద శనగలు పోసి నడిచినట్టే. షూ ఎంత మంచిదైనా జారుతుంది. పోల్ మొన మాత్రం రవ్వని దాటి బండకు తగులుతుంది. ఆ మొన టంగ్‌స్టన్ కార్బైడ్‌ది అయ్యుండాలి. దగ్గరగా చూస్తే చివర సూదిలా ఉండదు, మధ్యలో చిన్న గుంట, చుట్టూ పదునైన అంచు. బండని పట్టేది ఆ అంచే. మామూలు ఇనుప మొన త్వరగా గుండ్రంగా అరిగిపోయి జారడం మొదలెడుతుంది.

మొనకు తొడిగే రబ్బరు టోపీ సిమెంటు మెట్లకీ, తారు రోడ్డుకీ. రవ్వ మీద దాన్ని తీయకుండా నడిస్తే పోల్స్ ఉన్నా లేనట్టే. సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా చుట్టు నడకే, 32 కిలోమీటర్లు, కానీ అది రోడ్డు. అక్కడ టోపీ ఉండాల్సిందే. లేకపోతే చప్పుడుతో పాటు ప్రతి అడుగుకీ మణికట్టు అదురుతుంది. ఆ జనంలో మొన బయటపెట్టి నడవడం పక్కవాళ్ల పాదాలకూ ప్రమాదం, చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు.

మొన పైన ప్లాస్టిక్ తొడుగు కావాలనే బలహీనంగా చేస్తారు. రాళ్ల సందులో ఇరుక్కుంటే ముందు అది విరిగి గొట్టాన్ని కాపాడుతుంది. మార్చడం తేలిక. మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, పటకారుతో మెలితిప్పుతూ లాగితే ఊడుతుంది. కొత్తది తొడిగి చెక్క మీద రెండు మూడు సార్లు గట్టిగా గుద్దితే బిగుస్తుంది. లోపలి వ్యాసం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి పాతది జేబులో వేసుకునే షాపుకి వెళ్లండి.

మణికట్టు పట్టీలోకి చెయ్యి కింది నుంచి పైకి పోనిచ్చి, పట్టీతో పాటు పిడి పట్టుకోవాలి. అప్పుడు బరువు మణికట్టు మీద పడుతుంది, వేళ్లు వదులుగా ఉండొచ్చు. పెద్ద రాళ్ల గుట్టల మధ్య దిగేటప్పుడు మాత్రం పట్టీలోంచి చెయ్యి తీసేయండి. మొన సందులో ఇరుక్కుని మనిషి ముందుకు పోతే మణికట్టో భుజమో దెబ్బతింటుంది. చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన బండలొస్తే పోల్స్ రెండూ మూసి బ్యాగుకి కట్టేయాలి, మొనలు కిందికి ఉండాలి. ఒక చేత్తో పోల్ పట్టుకుని ఇంకో చేత్తో బండెక్కడం చాలామంది చేస్తారు. దయచేసి చేయొద్దు.

వానల తర్వాత గడ్డి నడుము దాకా పెరిగి దారి మూసేస్తుంది. అప్పుడు పోల్‌తో ముందు తట్టి, రాయి ఉందో గుంట ఉందో చూసుకుని అడుగు వేయాలి. రక్తపింజరి ఉండే కొండలివి. తట్టడం అలవాటుగా ఉండాలి.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములు మామూలే. ఆ వేళకి కొండ వెన్ను మీద ఉండటమే అసలు ప్రమాదం, చేతిలో లోహపు కర్ర ఉన్నా లేకపోయినా. తెల్లవారకముందే బయల్దేరి పన్నెండు లోపు దిగిపోయేలా చూసుకోండి. ఉరుము వినిపించిందంటే రౌండు పూర్తి చేయాలన్న పట్టుదల మాని, దగ్గర్లో ఉన్న కనుమ నుంచి లోయ వైపు దిగిపోవాలి. ఏ కనుమకి దిగే దారి ఉందో బయల్దేరే ముందే తెలిసి ఉండాలి. కంబాలకొండ లాంటి అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు.

కార్బన్ పోల్స్ జతకి నూరు నూటయాభై గ్రాములు తేలిక. ఖరీదు రెట్టింపు దాకా పోతుంది. రాయి గీసుకుని గాటు పడితే తర్వాతెప్పుడో అక్కడే పుటుక్కున విరుగుతాయి. అల్యూమినియం వంగుతుంది, వంగినదాన్ని కాస్త సరిచేసుకుని ఇంటికి రావచ్చు. మన రాళ్లకి అల్యూమినియమే, అందులోనూ 7075 (గట్టి అల్యూమినియం మిశ్రమం) అని రాసి ఉన్న రకం. పిడిలో స్ప్రింగు పెట్టిన 'యాంటీ షాక్' రకానికి అదనంగా డబ్బివ్వొద్దు. ఎక్కేటప్పుడు మనం నెట్టిన బలం కొంత ఆ స్ప్రింగే తినేస్తుంది. వెదురు కర్ర సంగతి వేరు. గట్టిది, చవక, తుప్పు గొడవ లేదు. ఒక కొండెక్కి దిగడానికి దాన్ని మించింది లేదు. ఎత్తు మారదు, బ్యాగులో ఇమడదు కాబట్టే చుట్టు నడకకి వద్దంటున్నాం.

ఈ పోల్స్‌కి మన ఊళ్లో అసలు శత్రువు ఉప్పుగాలి. మూసిపెట్టి మూలన పడేస్తే, కీళ్ల దగ్గర అల్యూమినియం మీద తెల్లటి పొడి పేరుకుని ముక్కలు ఒకదానిలో ఒకటి బిగుసుకుపోతాయి. ఆ తర్వాత ఎంత లాగినా రావు. ఇంటికి రాగానే మూడు ముక్కలూ విడదీసి, మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, నీడలో విడివిడిగా ఆరబెట్టాలి. తెల్లపొడి కనిపిస్తే నైలాన్ బ్రష్‌తో రుద్దండి, ఉప్పుకాగితం (శాండ్‌పేపర్) వాడితే గొట్టం సన్నబడి లాకు పట్టదు. నూనె, గ్రీజు అసలు పెట్టొద్దు. లాకు నిలబడేదే రాపిడి మీద. ఫోమ్ పిడిని సబ్బునీళ్లతో కడగకపోతే చెమట ఉప్పుకి గట్టిపడి కంపు కొడుతుంది. భద్రపరిచేటప్పుడు మీటలు తెరిచే ఉంచండి.

కొనేటప్పుడు షాపులోనే రెండు పోల్స్‌నీ పూర్తిగా విడదీసి చూపించమని అడగండి. స్పేర్ మొనలు, స్పేర్ మీట విడిగా దొరకని మోడల్ ఎంత తక్కువకిచ్చినా వద్దు. మంచులో పోల్ కూరుకుపోకుండా మొన పైన బిగించే వెడల్పాటి చక్రాలు ఇస్తే పక్కన పెట్టేయండి, చిన్నవే బిగించుకోండి. చివరిగా ఒక పోల్‌కి, ఫోమ్ కింద, రెండు మీటర్ల డక్ట్ టేపు చుట్టుకోండి. తేమకి జిగురు వదిలి షూ అట్ట ఊడేది ఎప్పుడూ మూడో కొండ మీదే, అక్కడి నుంచి వెనక్కి పోయినా ముందుకి పోయినా దూరం ఒకటే.