మా హాల్లోని అద్దాల పుస్తకాల బీరువా: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, ఇది షాపులో కొన్నది కాదు, కాబట్టి మోడల్ ఏంటని అడగొద్దు. విజయవాడలో ఇల్లు కట్టినప్పుడు గుమ్మాలకి తెచ్చిన టేకు కాస్త మిగిలితే మా మామయ్యగారు వడ్రంగి మేస్త్రి చేత చేయించారట. ఐదు అరలు, ముందు పక్కకి జరిపే అద్దాలు, వెనక ప్లైవుడ్, అంతే. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ దీన్ని దులపడం, సర్దడం నా వంతే అయింది, పదిహేనేళ్లు దాటింది, అందుకని దీని మంచి చెడ్డలు చెప్పే హక్కు ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ.

చెక్కకి వంక పెట్టడానికి లేదు. మూడడుగుల అర నిండా పుస్తకాలు పేరిస్తే పాతిక, ముప్పై కిలోల బరువు పడుతుంది, అయినా ఒక్క అర కూడా వంగలేదు. మా ఆడపడుచు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పార్టికల్ బోర్డు ర్యాకు రెండేళ్లకే మధ్యలో కుంగింది, ఇప్పుడు దాంట్లో చెప్పులు పెడుతున్నారు.

అసలు గొడవ లోతుతో. మేస్త్రికి బీరువా అంటే బట్టల బీరువానే కదా, పదిహేను అంగుళాల లోతు పెట్టేశాడు. మన తెలుగు పుస్తకం మామూలుగా డెమ్మీ సైజు, వెడల్పు ఐదున్నర అంగుళాలు ఉంటుంది. ఒక వరస పెట్టాక ముందు ఇంకా తొమ్మిది అంగుళాలు ఖాళీ. దాంతో ప్రతి అరలోనూ వెనక వరస, ముందు వరస తయారయ్యాయి, మా ఇంటి గుట్టంతా ఆ రెండు వరసల మధ్యే ఉంది.

మామయ్యగారు కాలేజీలో తెలుగు చెప్పేవారు. సరిగ్గా కంటి ఎత్తులో ఉండే అరలో ముందు వరస అంతా ఆయన పురాణాలు, నిఘంటువులు, రిటైరైనప్పుడు ఇచ్చిన పెద్ద పెద్ద సంపుటాలు, వాటిలో కొన్నిటికి పైన వేసిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. వచ్చినవాళ్లందరూ చూసేది అదే, "ఇవన్నీ చదివారా మాస్టారూ" అని అడిగేదీ వాటి గురించే, ఆయన నవ్వేసి కాఫీ తెమ్మని లోపలికి కేకేసేవారు. ఆ వరస తీస్తే వెనక డిటెక్టివ్ నవలలు, పాకెట్ సైజువి, వీపులు పగిలిపోయి, రబ్బరు బ్యాండ్లతో కట్టినవి. ఎవరైనా ఒక మనిషి ఏం చదువుతాడో తెలియాలంటే పుస్తకం పేరు కాదు, వీపు చూడాలి. కొత్తగా నిలబడి ఉందంటే అది అలంకారానికే.

దాని కింది అరలో వెనక వరస అత్తయ్యది. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లు వారం వారం చింపి దాచి, అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత కేలండరు కాగితం అట్టగా వేసి పెట్టుకున్నారు. అప్పట్లో చాలా ఇళ్లలో చేసిన పనే ఇది. న్యూస్‌ప్రింట్ కదా, పసుపు రంగు దాటి గోధుమ రంగుకి వచ్చేశాయి, పేజీ గట్టిగా తిప్పితే అంచు రాలుతుంది. నాకైతే బీరువా మొత్తంలో ఇవే ఇష్టం. కథ వెనక పేజీలో సగం తెగిన వంటల శీర్షిక, చీరల ప్రకటన, ఎవరిదో ప్రశ్న ఉంటుంది కానీ జవాబు ఉండదు. చివరి ఖాళీ పేజీలో చాకలి పద్దు, ఫలానా తారీకున దుప్పట్లు రెండు, పంచెలు నాలుగు అని. ఏ పేజీలో ఏముందో ఆవిడకి ఇప్పటికీ తెలుసు. ఇవి ముందు పెడదామా అత్తయ్యా అని అడిగాను. "ఎందుకమ్మా, వచ్చినవాళ్లు చూస్తే నవ్వుతారు" అన్నారు.

అన్నిటికంటే కింద అర పిల్లలది. మా ఆయన చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల షాపులో కొన్న రష్యన్ పిల్లల పుస్తకాలు, మాస్కోలో తెలుగులోనే అచ్చయి వచ్చినవి, దళసరి కాగితం, తక్కువ ధర, 1991 తర్వాత ఇక రాలేదు. రంగులు ఇంకా బాగానే ఉన్నాయి, పెన్సిల్ గీతలు మా ఆయనవి, స్కెచ్ పెన్ గీతలు మా వాడివి.

ఇక బొమ్మల సంగతి. ముందు మిగిలిన ఖాళీ ఊరికే ఉంటుందా? కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు, స్కూల్లో గెలిచిన కప్పులు, ఎవరో తెచ్చిన తాజ్‌మహల్, అన్నీ అక్కడికే చేరాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ బొమ్మలు నిలబడ్డ చోట వెనకున్న పుస్తకం ఇక బయటికి రాదు. ఏనుగుని తీసి, మావటిని పట్టుకుని, కప్పులు పక్కన పెట్టి, పుస్తకం లాగి, మళ్లీ అన్నీ సర్దాలంటే ఫోన్ చూసుకోవడమే సుఖం అనిపిస్తుంది. కొండపల్లి బొమ్మ పొణికి చెక్కతో, భాగాలు చింతగింజల మక్కుతో అతికించి చేస్తారు, తేలిగ్గా ఉంటుంది కానీ తొందరపడి లాగితే చెవో తొండమో చేతికొస్తుంది. మాది తడిగుడ్డకి రంగు కూడా వదిలింది, పొడి బ్రష్షే వాడండి.

పోయిన ఏడాది కాక ముందటి ఏడాది వానాకాలంలో చెదలు పట్టాయి. టేకుని ముట్టుకోలేదు, గోడ చెమ్మలోంచి వెనక ప్లైవుడ్ తొలుచుకుని వచ్చాయి. వచ్చింది కూడా ఆ కంటి ఎత్తు అరకే! బయటికి బంగారు అక్షరాలు చెక్కుచెదరలేదు, తీస్తే లోపల మట్టి. సీరియళ్లకి ఏమీ కాలేదు, అత్తయ్య ఏటా ఎండలో పెడతారు కాబట్టి కావచ్చు. పాడైన సంపుటాలు పారేసే ముందు ఒక్కొక్కటీ దులిపితే అట్ట రైలు టికెట్లు, ఇన్‌లాండ్ లెటర్లు, పిల్లలు పెడుతుందని ఎవరో ఈతాకు మేతతో సహా దాచిన నెమలీక దొరికాయి. పెద్దలు చదవని పుస్తకాన్ని కూడా ఇంట్లో ఎవరో ఒకరు వాడుకున్నారన్నమాట.

ఐదుకి మూడున్నర ఇస్తాను, చెక్కకి మూడు, అర మార్కు అద్దాలకి, ఎందుకంటే దుమ్ము నిజంగానే తగ్గుతుంది.

కొత్తగా చేయించుకునేవాళ్లకి నా సలహా, లోతు తొమ్మిది అంగుళాలు దాటనివ్వకండి, మేస్త్రి ఎంత వాదించినా సరే. బొమ్మలకి వేరే గూడు పెట్టించుకోండి. గోడకి రెండంగుళాలు ఎడంగా ఉంచండి, అరల్లో న్యూస్‌పేపర్ పరవకండి, సిల్వర్ ఫిష్ పురుగులు దాని కిందే కాపురం పెడతాయి, కలరా ఉండలు వేసినా అంతే. జరిపే అద్దం గాడిలో ఇరుక్కుంటే నూనె వేయకండి, దుమ్ము ముద్ద కడుతుంది, కొవ్వొత్తి రుద్దితే చాలు.