రెస్టిక్: కొన్నేళ్లు వాడాక నా మాట

మా ఆఫీసులో ఫైల్ సర్వర్‌కీ, డేటాబేస్ సర్వర్‌కీ బ్యాకప్ కొన్నేళ్లుగా రెస్టిక్‌తోనే నడుస్తోంది. ఇదొక బ్యాకప్ సాఫ్ట్‌వేర్, ఉచితం, ఓపెన్ సోర్స్. ఒక్క ఫైలు తెచ్చి సర్వర్లో పెట్టుకుంటే చాలు. స్క్రీన్లు, బటన్లు ఉండవు, అంతా కమాండ్లే.

నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం రిస్టోర్, అంటే పోయినదాన్ని బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవడం. ఓసారి పదో తారీఖు సాయంత్రం అకౌంట్స్ నుంచి ఫోన్: "అన్నా, సేల్స్ ఫోల్డర్ కనబడట్లేదు, రేపే జీఎస్టీఆర్ వన్ రిటర్న్‌కి లాస్ట్ డేట్!" రెస్టిక్ మౌంట్ కమాండ్ కొడితే బ్యాకప్ అంతా మామూలు డైరెక్టరీలా తెరుచుకుంది. లోపల ఒక్కో స్నాప్‌షాట్‌కీ (ఒక్కోసారి తీసిన బ్యాకప్‌కీ) తేదీ, టైముతో ఒక్కో ఫోల్డర్. ముందురోజు రాత్రి దాంట్లోకి వెళ్లి, పోయిన ఫోల్డర్‌ని కాపీ చేసి ఇచ్చేశాను. మిగతా డేటా జోలికే పోనక్కర్లేదు. విండోస్‌లో ఈ మౌంట్ పనిచేయదు. అక్కడ రిస్టోర్ కమాండ్‌కి ఇన్‌క్లూడ్ ఆప్షన్‌లో ఫోల్డర్ పేరు ఇచ్చి, కావాల్సినదాన్నే తీసుకోవాలి.

ఫైళ్లను ముక్కలు చేసి, ఇదివరకే ఉన్న ముక్కను మళ్లీ పంపదు కాబట్టి రోజువారీ బ్యాకప్ నెట్‌వర్క్‌కి బరువనిపించదు. మొదట్లో కంప్రెషన్ (డేటాను కుదించడం) లేదు, 2022లో 0.14 వెర్షన్‌తో వచ్చింది. డేటాబేస్ డంపులకి (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా తీసిన కాపీలకి) ఆ తేడా బాగా తెలిసింది. అన్నట్టు, నడుస్తున్న మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఫైళ్లను నేరుగా బ్యాకప్ తీయకండి. ముందు డంప్ తీసి, దాన్ని ఇవ్వండి.

ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా డేటాను మార్చడం) తప్పనిసరి. పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే, తిరిగి తెచ్చే దారి లేదు. మేం కాగితం మీద రాసి ఆఫీసు బీరువాలో పెట్టాం.

చికాకు పెట్టేది ప్రూన్. పాత డేటాను తీసేసే ఆ పని సాగుతున్నంతసేపూ రిపోజిటరీకి (బ్యాకప్‌లన్నీ ఉండే చోటుకి) తాళం పడుతుంది, ఆలోగా బ్యాకప్ నడవదు. అందుకే ఆదివారాలకి పెట్టాను. లక్షల ఫైళ్లుంటే ర్యామ్ కూడా బాగానే తింటుంది. చిన్న మెషిన్లలో ఇది నిజంగా సమస్యే.

ర్యాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) టెన్షన్ ఉన్నవాళ్లు, బ్యాకప్‌లను అందుకుని దాచే దీని రెస్ట్ సర్వర్ ప్రోగ్రామ్‌ని అపెండ్ ఓన్లీ మోడ్‌లో (కొత్తవి చేర్చడమే తప్ప తీసేయడం కుదరని పద్ధతిలో), వేరే మెషిన్ మీద పెట్టుకోండి. అప్పుడు అసలు సర్వర్ దాడి చేసేవాళ్ల చేతికి చిక్కినా, అక్కణ్నుంచి పాత స్నాప్‌షాట్లను తుడిచేయలేరు.

కమాండ్ లైన్ అలవాటున్న మనిషి ఒక్కరైనా ఉన్న ఆఫీసుకి ధైర్యంగా చెబుతాను, పెట్టుకోండని. అలాంటివాళ్లు లేనిచోట మాత్రం వద్దంటాను.