రోగి లక్షణాల నుంచి జన్యు వేరియంట్ దాకా: సెమాంటిక్ వెబ్‌ను ఏళ్ళ తరబడి వాడిన అనుభవం

అరుదైన జన్యువ్యాధి ఉందని అనుమానించిన రోగి ఎక్సోమ్‌ను, అంటే డీఎన్‌ఏలో ప్రొటీన్లకు సంకేతమిచ్చే భాగాలను, ప్రామాణిక క్రమంతో పోల్చి చూస్తే, ఆ భాగాల్లోనే సుమారు ఇరవై వేల తేడాలు, అంటే వేరియంట్లు, బయటపడతాయి. జనాభాలో విరివిగా కనిపించేవాటిని, ప్రొటీన్‌ను మార్చనివాటిని తీసివేసిన తర్వాత కూడా వందల్లో మిగులుతాయి. వాటిలో దేన్ని ముందుగా పరిశీలించాలో చెప్పగలిగేవి రోగి లక్షణాలే. లక్షణాలను, వ్యాధులను, జన్యువులను, వేరియంట్లను ఒకే గ్రాఫ్‌గా, అంటే సంబంధాల వలగా, సెమాంటిక్ వెబ్ పద్ధతిలో (సమాచారం అర్థాన్ని కంప్యూటర్ తర్కించగలిగేలా రాసే పద్ధతి) అనుసంధానించిన వ్యవస్థను కొన్నేళ్ళుగా రోగనిర్ధారణ పనిలో వాడుతున్నాను. ఇది నమ్మదగినదే, కానీ రోగిలో ఏమి ఉందో నమోదు చేసినంత శ్రద్ధగా ఏమి లేదో కూడా నమోదు చేసినప్పుడే దీని సత్తా తెలుస్తుంది.

మా గ్రాఫ్‌కు వెన్నెముక హ్యూమన్ ఫినోటైప్ ఆంటాలజీ. 2008లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో పీటర్ రాబిన్సన్ బృందం మొదలుపెట్టిన ఈ పదసంపదలో ప్రతి లక్షణానికీ ఒక స్థిరమైన సంఖ్య ఉంటుంది. మూర్ఛకు హెచ్‌పీ:0001250 అన్నట్టు. వ్యాధులకూ జన్యువులకూ ఉన్న సంబంధాలు ఓఎంఐఎమ్, ఆర్ఫానెట్ అనే జన్యువ్యాధుల, అరుదైన వ్యాధుల సమాచార నిధుల నుంచి, వేరియంట్ల వర్గీకరణలు క్లిన్‌వార్ అనే బహిరంగ నిధి నుంచి వస్తాయి. ఇవన్నీ ఆర్‌డీఎఫ్ రూపంలో, అంటే కర్త, సంబంధం, కర్మ అనే మూడు భాగాల వాక్యాలుగా నిల్వ ఉంటాయి. ప్రశ్నలను స్పార్కల్ భాషలో అడుగుతాం.

పదాలు అంచెలంచెలుగా అమరి ఉండటమే ఈ పద్ధతికి ప్రాణం. కంటి కటకం స్థానం తప్పడం అనే లక్షణాన్ని నమోదు చేసిన క్షణంలోనే, ఆ రోగికి కటకంలో లోపం ఉందనీ, కంటి నిర్మాణంలో లోపం ఉందనీ వ్యవస్థ తనంతట తాను గ్రహిస్తుంది. ఒక వైద్యుడు స్థూలంగా, మరొకరు సూక్ష్మంగా రాసినా ఇద్దరి రోగులనూ పోల్చడం దీనివల్లే సాధ్యమవుతోంది. పైగా అన్ని లక్షణాలకూ ఒకే బరువు ఉండదు. ఎదుగుదల ఆలస్యం వందలాది వ్యాధుల్లో కనిపిస్తుంది కాబట్టి దాని సాక్ష్యం పలుచన. కటకం స్థానభ్రంశం కొద్ది వ్యాధుల్లోనే కనిపిస్తుంది కాబట్టి దాని సాక్ష్యం చిక్కన. ఈ తేడాను లెక్కలోకి తీసుకునే సాదృశ్య గణన లేకుండా, కేవలం ఉమ్మడి పదాలను లెక్కపెట్టే పద్ధతిని వాడవద్దని గట్టిగా చెబుతాను.

పొడవైన దేహం, సన్నని పొడవాటి వేళ్ళు, స్థానం తప్పిన కటకం ఉన్న రోగిని తీసుకుందాం. ఈ మూడింటితో గ్రాఫ్‌ను అడిగితే మార్ఫాన్ సిండ్రోమ్, దాని కారణమైన ఎఫ్‌బీఎన్‌1 జన్యువు ముందుకు వస్తాయి. వాటి వెనుకే హోమోసిస్టినూరియా, దాని కారణమైన సీబీఎస్ జన్యువు ఉంటాయి. మొదటిది జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలో దోషం ఉన్నా వస్తుంది, రెండోదానికి రెండు ప్రతుల్లోనూ దోషం ఉండాలి. ఆ రెండింటినీ విడదీసేవి బృహద్ధమని మొదట్లో వాపు ఉందా, మేధో వైకల్యం ఉందా, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందా, రక్తంలో హోమోసిస్టీన్ పెరిగిందా అన్న ప్రశ్నలు. గుండె స్కాన్ చేసి బృహద్ధమని మామూలుగా ఉందని తేల్చినా ఆ మాట గ్రాఫ్‌లోకి చేరకపోతే, స్కానే చేయని రోగికీ ఈ రోగికీ తేడా చెరిగిపోతుంది.

సెమాంటిక్ వెబ్ తర్కమే అలాంటిది. ఒక వాక్యం లేదంటే అది అబద్ధమని కాదు, ఇంకా తెలియదని మాత్రమే అర్థం. వైద్యానికి ఇది నిజాయితీగల భావనే. అయితే స్పార్కల్‌లో ‘ఈ లక్షణం లేని రోగులు’ అని అడిగితే నమోదు కానివారు కూడా వచ్చి చేరతారు. జెనోమిక్స్ సమాచార మార్పిడికి తయారైన ఫినోప్యాకెట్ ప్రమాణంలో ఒక లక్షణాన్ని పరీక్షించి లేదని తేల్చినట్టు స్పష్టంగా గుర్తించే వీలుంది. ఆ గుర్తును గ్రాఫ్‌లో విడి సంబంధంగా నిలిపిన తర్వాతే మా జాబితాల వరుస వైద్యుల ఆలోచనకు దగ్గరగా రావడం చూశాను. ఇక్కడ అంచెల దిశ తిరగబడుతుందన్నది మరువరాదు: మూర్ఛలు అసలే లేవంటే జ్వరంతో వచ్చే మూర్ఛలూ లేనట్టే, కానీ జ్వరంతో వచ్చేవి లేనంత మాత్రాన వేరే మూర్ఛలు లేవని అనలేం.

నన్ను ఎక్కువగా సతాయించింది వ్యాధుల గుర్తింపు. ఒక వనరులో ఒకే పేరు కింద ఉన్న వ్యాధి మరో వనరులో జన్యువును బట్టి అనేక ఉపరకాలుగా విడిపోయి ఉంటుంది. ఈ రెండింటినీ ‘ఒకటే’ అనే సంబంధంతో ముడివేస్తే తర్కయంత్రం (ఉన్న వాక్యాల నుంచి కొత్తవి రాబట్టే సాఫ్ట్‌వేర్) ఒక ఉపరకం జన్యువును మిగతా అన్నింటికీ అంటగడుతుంది. తప్పు ఎక్కడా తప్పులా కనిపించదు, జవాబులు మాత్రం పాడవుతాయి. కచ్చితంగా సమానమైనవాటినీ, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటినీ వేరు చేసి చూపే మోండో అనే వ్యాధుల ఆంటాలజీ ఈ బాధను చాలావరకు తీర్చింది.

గ్రాఫ్ మనకు చూపేది ప్రధానంగా జన్యువు దాకా ఉన్న దారినే. లక్షణాలు ఎఫ్‌బీఎన్‌1కు ఎంత బాగా సరిపోయినా, ఆ జన్యువులో దొరికిన ఫలానా వేరియంట్ హానికరమని దానివల్ల రుజువు కాదు. 2015లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ జెనెటిక్స్ మార్గదర్శకాలు వేరియంట్లను హానికరం నుంచి హానిరహితం దాకా ఐదు తరగతులుగా విభజించాయి. ఆ మార్గదర్శకాల ప్రకారం రోగి లక్షణాలు ఒకే జన్యుకారణం గల వ్యాధికి ప్రత్యేకంగా సరిపోవడం అన్నది సహాయక స్థాయి, అంటే అన్నిటికన్నా బలహీనమైన స్థాయి, సాక్ష్యమే. సాదృశ్య గణన ఇచ్చిన పెద్ద అంకెను చూసి ఈ హద్దును దాటకూడదు. ఆ అంకె పరిశీలన క్రమాన్ని చెబుతుంది, తీర్పును చెప్పదు.

వేగం విషయంలో ఫిర్యాదు లేదు. పైఅంచెల సంబంధాలను ముందే లెక్కించి నిల్వ చేసుకుంటే ప్రశ్నలకు జవాబు సెకన్లలో వస్తుంది. గోప్యత విషయంలో మాత్రం గట్టి జాగ్రత్త కావాలి. బయటి సర్వర్‌ను కలుపుకొని అడిగే సమాఖ్య ప్రశ్నలో మన రోగి లక్షణాల కలయిక కూడా ఆ సర్వర్‌కు వెళ్ళిపోవచ్చు. అరుదైన వ్యాధుల్లో ఆ కలయికే మనిషిని పట్టిచ్చేంత ప్రత్యేకంగా ఉంటుంది. అందుకే బహిరంగ సమాచారాన్ని మా దగ్గరికి దించుకుంటాం, రోగి సమాచారాన్ని బయటికి పంపం.

ఎక్సోమ్ ఫైలూ లక్షణాల జాబితా ఇచ్చి వరుసక్రమం పొందితే చాలు అనుకునేవారికి ఇంత నిర్మాణం అవసరం లేదు, ఎక్సోమైజర్ వంటి సిద్ధంగా ఉన్న సాధనం ఆ పని చక్కగా చేస్తుంది. జవాబు దొరకని రోగులను మళ్ళీ మళ్ళీ పరిశీలించాల్సిన బృందానికి మాత్రం గ్రాఫ్‌ను సిఫారసు చేస్తాను. ప్రతి వనరు ప్రతి విడుదలనూ విడివిడిగా పేరుపెట్టిన గ్రాఫ్‌లో ఉంచితే, పోయినసారి పరిశీలనకూ ఇప్పటికీ మధ్య ఏ జన్యువుకు కొత్త లక్షణం చేరిందో, ఏ వేరియంట్ తరగతి మారిందో, ఆ మార్పు మన పాత రోగుల్లో ఎవరిని తాకుతుందో ఒకే ప్రశ్నతో తెలుసుకోవచ్చు.