గట్టి నేలకి సన్నటి కార్డ్‌లెస్ వాక్యూమ్: చాలాకాలం వాడాక

టైల్స్, గ్రానైట్, చెక్క నేలల కోసం కార్డ్‌లెస్ వాక్యూమ్ కొనేవాళ్లు ముందుగా సక్షన్ (గాలి లాగే బలం) అంకెలు చూస్తారు. చాలాకాలం వాడినదాన్ని బట్టి చెబుతున్నా, ముందు చూడాల్సింది రోలర్, అంటే నేల మీద తిరుగుతూ చెత్తని లోపలికి తోసే గొట్టంలాంటి బ్రష్. గట్టి కుచ్చులున్న బ్రష్ కార్పెట్‌కి బాగుంటుంది. అదే టైల్స్ మీద తిరిగితే గింజంత ముక్కల్ని లోపలికి పంపకుండా చెదరగొట్టేస్తుంది. నైలాన్ గుడ్డ చుట్టిన మెత్తటి రోలర్ అలా కాదు, ముక్కని ఒత్తిపట్టి లోపలికి తోస్తుంది, సన్నటి దుమ్ముని తుడిచినట్టు లేపుతుంది. కొన్ని రోలర్లలో గుడ్డ మధ్య నల్లటి కార్బన్ ఫైబర్ వరసలుంటాయి. స్టాటిక్ (రాపిడితో పుట్టే విద్యుత్తు) వల్ల నేలకి అతుక్కున్న పొడి వాటితోనే వదులుతుంది.

రోలర్ ఉండే కింది భాగాన్ని హెడ్ అంటారు. దాని ముందు అంచు మరీ కిందికి ఉంటే పెద్ద ముక్కలు లోపలికి పోకుండా ముందుకు దొర్లుతూనే ఉంటాయి. హెడ్ కాస్త ఎత్తి వాటి మీద దించితే పట్టుకుంటుంది. రోలర్ హెడ్ చివరిదాకా ఉండదు కాబట్టి గోడ పక్కన వేలెడు మేర దుమ్ము మిగులుతుంది. దానికి సన్న మూతి గొట్టం తగిలించుకోవాల్సిందే. మంచం కింద, సోఫా కింద మాత్రం ఈ సన్నటి రకానికి సాటి లేదు. చాలావాటికి మోటారు, బ్యాటరీ చేతి దగ్గరే ఉంటాయి, అందుకే గోడకి ఆనిస్తే జారి పడిపోతాయి. హ్యాంగర్ బిగించుకోవడం మంచిది.

దుమ్ము చేరే డబ్బా చిన్నది. దాని మీదున్న గీత దాకా నిండనివ్వకండి. వెంట్రుకలు, నూలు పోగులు లోపలి జల్లెడకి చుట్టుకుని, డబ్బా సగం ఖాళీగా ఉండగానే గాలి దారిని మూసేస్తాయి. వాడిన ప్రతిసారీ ఖాళీ చేసి, జల్లెడ మీద పొడి బ్రష్ ఒకసారి తిప్పితే చాలు.

ఇక ఫిల్టర్. యంత్రం పాడైందని జనం అనుకునే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే. మోటారు ఆగి ఆగి, ఊపిరాడనట్టు కొట్టుకుంటోందంటే గాలి ఎక్కడో ఆగిందని అర్థం. ముందు హెడ్ తీసి నడపండి. కొట్టుకోవడం ఆగితే అడ్డం హెడ్ మెడలో ఉంది. ఆగకపోతే గొట్టం కూడా తీసి చూడండి. అప్పటికీ ఆగకపోతే జల్లెడో, ఫిల్టరో. కడగదగ్గ ఫిల్టర్ అయితే ముందు పొడిగా తట్టి దుమ్ము రాల్చాలి, తర్వాత చల్లటి నీళ్లలో, సబ్బు లేకుండా, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. మడతల కాగితం ఉన్నదాన్ని పిండకూడదు. గాలి ఆడే నీడలో కనీసం 24 గంటలు ఆరాలి. పైకి ఆరినట్టున్నా మడతల్లో తేమ ఉంటుంది. ఆ తేమకి దుమ్ము అంటి బురదలా గట్టిపడుతుంది, వాసన మొదలవుతుంది, తేమ మోటారు దాకా పోతుంది. అందుకే రెండో ఫిల్టర్ ఒకటి దగ్గరుంచుకోవాలి. గోడకి డ్రిల్ చేసిన పొడి, సిమెంటు దుమ్ము, బూడిద దీంతో అస్సలు లాగొద్దు. అవి ఫిల్టర్ రంధ్రాల్లో కూరుకుపోతే కడిగినా రావు.

రోలర్ కీచుమంటోందంటే పక్క మూత తీసి చూడండి. పొడుగు వెంట్రుకలు గుడ్డ మీద కనిపించవు, చివరలకి జారి బేరింగ్ దగ్గర ఉంగరంలా బిగుసుకుంటాయి. చిన్న కత్తెరతో ఒకచోట కత్తిరించి పట్టకారుతో లాగితే మొత్తం చుట్ట ఊడి వస్తుంది. వదిలేస్తే రోలర్ బిగుసుకుపోయి, హెడ్ మోటారు వేడెక్కి, యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. తడి నేల మీద ఇది నడపకూడదు. తడిసిన రోలర్ దుమ్ముని బురద చారలుగా పులుముతుంది. ఊడ్చే పని దీనిది, తుడిచే పని మాత్రం తడిగుడ్డదే.

పెట్టె మీద రాసిన నిమిషాలు సాధారణంగా అతి తక్కువ వేగంలో, రోలర్ తిప్పే మోటారున్న హెడ్ తగిలించకుండా లెక్కగట్టినవి. రోలర్ తిరుగుతుంటే అంతకన్నా చాలా తక్కువే వస్తుంది, బూస్ట్‌లో (అన్నిటికన్నా ఎక్కువ వేగంలో) అయితే పది నిమిషాలు దాటడం అరుదు. గట్టి నేలకి బూస్ట్ అక్కర్లేదు కూడా. మధ్య వేగంలో నెమ్మదిగా నడపడమే మేలు. పని అవ్వగానే వేడిగా ఉన్న బ్యాటరీని చార్జింగ్‌కి పెట్టొద్దు, చల్లారనివ్వండి. వారాల తరబడి వాడనప్పుడు సగం చార్జితో, ఎండ తగలని చోట ఉంచండి. లిథియం-అయాన్ సెల్స్‌కి వేడి పెద్ద శత్రువు.

ఫిల్టర్ శుభ్రంగా ఉండి, తక్కువ వేగంలో బాగానే నడుస్తూ, బూస్ట్ నొక్కగానే ఆగిపోతోందంటే చాలాసార్లు మోటారు తప్పు కాదు. బ్యాటరీలో వరుసగా కలిపిన సెల్స్‌లో ఒకటి బలహీనపడితే లోడు పడగానే వోల్టేజి పడిపోయి రక్షణ సర్క్యూట్ ఆపేస్తుంది. బ్యాటరీ ఊడదీసి మార్చే వీలుంటే అక్కడితో సరిపోతుంది. లోపల అతికించేసిన మోడల్ అయితే మొత్తం యంత్రమే మూలపడుతుంది. కాబట్టి కొనేముందు బ్యాటరీ, ఫిల్టర్, రోలర్ మూడూ విడిగా దొరుకుతాయా అని అడగండి, దొరక్కపోతే ఆ మోడల్ వదిలేయండి.