నడుముకు కట్టుకునే మనీ బెల్ట్: ఏడేళ్ల వాడకం తరువాత

ఈ మనీ బెల్ట్‌ను నేను ఏడేళ్లుగా వాడుతున్నాను. చొక్కా లోపల, ప్యాంటు అంచుకు కాస్త దిగువన, పొట్టను అంటిపెట్టుకుని ఉండే పలుచని నైలాన్ సంచి ఇది. దీనిలో ఎన్ని అరలుంటాయో, ఎలా కట్టుకోవాలో, ఏ రంగుల్లో వస్తుందో అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. దీని మీద నాకు అంత ఇష్టం కలగడానికీ, ఒక ప్రయాణంలో గుండె జారిపోయినంత పని కావడానికీ కారణం దీనికున్న ఒకే ఒక్క గుణం. అది ఒంటికి ఆనుకుని ఉంటుంది. నేను చెప్పవలసినదంతా దాదాపుగా ఆ గుణం గురించే.

అంతకు ముందు పర్సును ప్యాంటు ముందు జేబులో పెట్టుకునేవాడిని. వెనుక జేబు కంటే ముందు జేబు నయమని అందరూ అంటే నేనూ నమ్మాను. రైలు ఎక్కే తొక్కిసలాటలో ఒకసారి అదీ పోయింది. ఆనాటి సంగతుల్లో ఒకటి బాగా గుర్తుంది: తలుపు దగ్గర ముందున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోయాడు, వెనుక మనిషి తన సంచిని నా భుజానికి గట్టిగా ఆనించి నెట్టాడు, నా ధ్యాసంతా ఆ భుజం మీదికే పోయింది. జేబు దగ్గర మాత్రం చీమ పాకినట్టయినా తెలియలేదు. ఒక చోట గట్టి ఒత్తిడి తగులుతున్నప్పుడు ఇంకొక చోట తగిలే మెత్తని స్పర్శను ఒళ్లు పట్టించుకోదని, జేబుదొంగల పనితనమంతా దాని మీదే నడుస్తుందని తరువాత తెలుసుకున్నాను. అందుకే వాళ్లు చాలాసార్లు జట్టుగా వస్తారు. ఒకరు దారికి అడ్డం పడతారు, ఇంకొకరు చేతి మీద వేసుకున్న కోటుతోనో మడిచిన వార్తాపత్రికతోనో చేతిని కప్పుకుని జేబులో వేళ్లు పెడతారు, తీసినది క్షణంలో మూడో మనిషికి అందిపోతుంది. అనుమానం వచ్చి మొదటివాడిని పట్టుకున్నా అతని దగ్గర ఏమీ దొరకదు.

మనీ బెల్ట్ కొన్నాక నాకు కలిగిన మొదటి సంతోషం తడుముకోవలసిన అవసరం లేకపోవడం. జేబులో డబ్బున్న మనిషి రద్దీలో పది నిమిషాలకోసారి జేబు తడుముకుంటాడు, 'జేబుదొంగలున్నారు జాగ్రత్త' అన్న బోర్డు కనబడితే మరీను, చెయ్యి తనంతట తానే అక్కడికి పోతుంది. ఆ చెయ్యి ఎటు పోతుందో చూస్తూ నిలబడినవాడికి ఇక వెతుక్కునే పని ఉండదు. బెల్ట్ కట్టుకున్నాక నా చేతికి ఆ అలవాటు పోయింది. పాస్‌పోర్టు అంచు పొట్టకు కుడివైపున చిన్నగా ఒత్తుకుంటూ ఉండేది, మెట్లెక్కినా కూర్చున్నా వంగినా ఆ అంచు తాను ఉన్నానని చెబుతూనే ఉండేది. ఒకసారి కిక్కిరిసిన బస్సులో ఎవరో తన పర్సు పోయిందని కేక పెట్టగానే చుట్టూ ఉన్నవారందరి చేతులూ జేబుల మీదికి పోయాయి. ఒక్క నా చేయి మాత్రం పైనున్న కడ్డీని వదలలేదు. ఆ క్షణంలో కలిగిన నిశ్చింతను నేను ఎంతోమందికి చెప్పుకున్నాను. ఇంటికి వచ్చాక తెలిసినవారిలో నలుగురి చేత ఇలాంటివే కొనిపించాను కూడా. "కట్టుకున్న గంటకల్లా ఒంటి మీద ఉన్నట్టే తెలియదు" అని దీన్ని వాళ్లకు మెచ్చుకుంటూ చెప్పిన మాట ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. ఎందుకో కింద చెబుతాను.

అయితే ఈ నిశ్చింతకు ఒక నియమం ఉంది. నలుగురిలో నిలబడి చొక్కా ఎత్తి డబ్బు తీశామంటే బెల్ట్ కట్టుకున్నా కట్టుకోకపోయినా ఒకటే. ఆ పూటకు కావలసిన చిల్లర, చిన్న నోట్లు మామూలు జేబులో పెట్టుకుని, మిగిలినది గదిలోనో తలుపు గడియ పెట్టుకున్న మరుగుదొడ్డిలోనో మాత్రమే తీయాలి. నేను దీన్ని ఏడేళ్లలో రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఏమీ కాలేదు గానీ, ఆ తరువాత రోజంతా వెనక్కి తిరిగి చూసుకుంటూనే నడిచాను.

చెమట గురించి కొంత చెప్పాలి. సంచిలో ఒంటికి తగిలే వైపున మెత్తని గుడ్డ వేశామని, గాలి ఆడుతుందని అమ్మేవారు చెబుతారు. నడక ఎక్కువగా ఉన్న ఎండాకాలపు రోజున సాయంత్రానికి అది పిండితే నీరు కారేటంత తడుస్తుంది. పత్తి పీచుతో చేసిన కాగితపు నోట్లు తడిసి ఒకదానికొకటి అతుక్కుని మెత్తబడతాయి. 1988లో ఆస్ట్రేలియా మొదలుపెట్టిన పాలిమర్ నోట్ల వంటివి ఉన్న దేశాల్లో ఈ ఇబ్బంది లేదు, తుడిచి పెట్టుకోవచ్చు. థర్మల్ కాగితం మీద అచ్చయిన ఒక రసీదు మూడు రోజుల్లో అక్షరం మిగలకుండా తెల్లగా అయిపోయింది. పాస్‌పోర్టు 125 మిల్లీమీటర్ల పొడవు, 88 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కనుక ఈ సంచిలో అడ్డంగా సరిగ్గా పడుతుంది. కానీ నెలల తరబడి నడుము మీద ఉంటే నడుము వంపే దానికీ వస్తుంది. ఒక తనిఖీ కౌంటర్‌లో అధికారి నా పాస్‌పోర్టును బల్ల మీద పెట్టినప్పుడు అది రెండు కొనలూ పైకి లేచి పడవలా నిలబడింది. ఆయన ఏమీ అనకుండా అరచేత్తో అదిమి పట్టుకుని ముద్ర వేశారు. తడిసి పాడైన పాస్‌పోర్టును చెల్లదనవచ్చు కనుక, అప్పటి నుంచి దాన్ని జిప్పున్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, రాత్రిళ్లు బయటకు తీసి బరువైన పుస్తకం కింద ఉంచుతున్నాను.

కార్డుల్లోని, పాస్‌పోర్టులోని చిప్‌ను రేడియో తరంగాలతో దొంగతనంగా చదవకుండా అడ్డుకుంటుందని చెప్పి పైన పెద్ద అక్షరాలతో అచ్చు వేసే ఆర్‌ఎఫ్‌ఐడీ రక్షణ అస్తరు మీద నాకు మొదట్లో గొప్ప నమ్మకం ఉండేది. ఇప్పుడు లేదు. తాకించి చెల్లించే కార్డులు 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద పనిచేస్తాయి, వాటిని చదవాలంటే యంత్రాన్ని కొన్ని సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి. ఎలక్ట్రానిక్ పాస్‌పోర్టులోని చిప్ అయితే, ఫోటో ఉన్న పేజీ అడుగున అచ్చయిన వరుసల నుంచి తీసిన వివరాలు ముందుగా అందనిదే లోపలి సమాచారం ఇవ్వదు. రద్దీలో మనిషిని అంత దగ్గరగా ఆనుకోగలిగినవాడు పర్సునే తీసుకుపోతాడు. ఆ లోహపు పూత ఉన్న అస్తరు రెండో ఏడాదికి మడతల దగ్గర పగిలి, కూర్చున్నప్పుడల్లా బిస్కెట్ కాగితం నలిగినట్టు చప్పుడు చేసేది. చివరకు కత్తెరతో కోసి తీసేశాను. దాని మీద పెట్టిన శ్రద్ధలో కొంత బకిల్ మీద పెట్టి ఉంటే ఈ సమీక్షలో సగం రాయవలసి వచ్చేది కాదు.

ఇక ఆ సంఘటన. అది ఐదో ఏడాది. నా దేశం కాని చోట, భాష తెలియని చోట, రాత్రంతా రైలులో ప్రయాణం చేసి తెల్లవారుజామున ఒక జంక్షన్‌లో దిగాను. ఇంకొక రైలు అందుకోవాలి, మధ్యలో పన్నెండు నిమిషాలే ఉంది. వీపున సంచి, చేతిలో పెట్టె. పై బెర్త్ నుంచి దిగుతున్నప్పుడు నడుము దగ్గర చిన్నగా 'టిక్' అన్నట్టు గుర్తు, కానీ అది సంచి జిప్పో పెట్టె పిడో అనుకున్నాను. జనంలో పడి ఫుట్‌బ్రిడ్జి మెట్లు సగం ఎక్కాక వెనుక నుంచి ఒక పెద్దావిడ నా మోచేతిని తట్టి, తన భాషలో ఏదో చెబుతూ కిందికి చూపించింది.

నేను ఆగలేదు. 'మీదేదో పడింది' అని చెప్పి మనిషిని ఆపి వంగేలా చేయడం జేబుదొంగల పాత ఎత్తుగడ అని నాకు తెలుసు. పైగా, నా వస్తువులన్నీ నా దగ్గరే ఉన్నాయని నా ఒళ్లే నాకు చెబుతోంది. పొట్టకు కుడివైపున ఆ అంచు ఒత్తుకుంటున్నట్టే ఉంది, పట్టీ నడుము చుట్టూ బిగిసి ఉన్నట్టే ఉంది. ఆవిడ వైపు తిరగకుండా తల అడ్డంగా ఊపి, జేబు కూడా తడుముకోకుండా ఇంకో రెండు మెట్లెక్కాను. ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి నా దారికి అడ్డంగా నిలబడి చేయి చాపింది. ఆ చేతిలో నా మనీ బెల్ట్ ఉంది, పట్టీ ఒక కొస మెట్టు మీదికి వేలాడుతోంది.

దాన్ని అందుకున్న తరువాత కూడా రెండు మూడు క్షణాల పాటు నా నడుముకు అది ఉన్నట్టే అనిపించింది. కళ్ల ముందు ఉన్నదాన్ని నడుము ఒప్పుకోలేదు. చొక్కా పైకి లాగి చూసుకుంటే, పట్టీ ఉండవలసిన చోట ఎర్రని గీత మాత్రమే ఉంది. బకిల్ ఊడిన తరువాత సంచి చెమటకు అంటుకుని కొంతసేపు అక్కడే నిలిచి, ప్లాట్‌ఫారం మీద నడుస్తుండగా జారి, మెట్లెక్కుతుంటే వదులు ప్యాంటు కాలిలోంచి షూ పక్కన పడిపోయిందన్నమాట. లోపల పాస్‌పోర్టు, రెండు కార్డులు, ఉన్న డబ్బులో ముప్పాతిక వంతు. ఆవిడ చేతులు రెండూ పట్టుకుని తెలిసిన ఒకటి రెండు మాటల్లో కృతజ్ఞత చెప్పాను. ఆవిడ నవ్వి, నా పెట్టె వైపు చూపించి, దాన్ని కూడా జాగ్రత్తగా పట్టుకోమన్నట్టు సైగ చేసి వెళ్లిపోయింది. దొంగ అనుకుని మొహం తిప్పుకున్నందుకు క్షమాపణ చెప్పడానికి నాకు భాష లేదు. ఆ రైలు అందలేదు. తరువాతి దాని కోసం కూర్చున్న రెండు గంటలూ చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆ కూర్చున్న చోటే బకిల్‌ను చూశాను. ప్లాస్టిక్ క్లిప్‌కు రెండు పక్కలా ఉండే చువ్వల్లో ఒకటి మొదలంటా విరిగిపోయింది, రెండోదాని మొదట్లో ప్లాస్టిక్ తెల్లగా పాలిపోయి ఉంది. నొక్కీ వంచీ ఒత్తిడి పడిన చోట ప్లాస్టిక్ అలా తెల్లబడుతుంది, అది విరగబోయే ముందు కనబడే గుర్తు. అలాంటి తెల్లని గీతను నేను కొన్ని నెలల కిందటే చూశాను కూడా, సబ్బు మరక అనుకుని గోటితో గీకి వదిలేశాను. వేళ్లలో ఇమిడేంత సన్నని క్లిప్‌ను, రోజూ రెండుసార్లు ఊడదీసి పెట్టేదాన్ని, అంత బలహీనంగా చేసినందుకు తయారీదారు మీద నా కోపం ఇంకా పోలేదు. రాసి పంపితే వాడకం వల్ల కలిగే అరుగుదల హామీ కిందికి రాదని జవాబు వచ్చింది.

కానీ బకిల్ ఒక్కదాని మీదే నేరం మోపలేను. చర్మం ఒకే స్పర్శను ఎక్కువసేపు పట్టించుకోదు. కట్టుకున్న బట్టలు, చేతి గడియారం, కళ్లజోడు కాసేపటికి మనకు తెలియకుండా పోయేది అందుకే. తీసేశాక కూడా కాసేపు ఉన్నట్టు అనిపించేదీ అలవాటు వల్లనే. మొదటి ఏడాది నాకు అంత ధైర్యమిచ్చిన ఆ అంచు ఒత్తిడి ఐదో ఏడాదికి నా ఒంటికి వినబడటం మానేసింది. ఉన్నట్టే తెలియదని నేను మెచ్చుకున్న మాటకు, లేకపోయినా తెలియదన్న అర్థం కూడా ఉందని ఆ మెట్ల మీదే తెలిసింది. ఆ నలుగురికీ ఫోన్ చేసి క్లిప్ చువ్వలు చూసుకోమని చెప్పాను, ఒకరి బెల్ట్‌కు అప్పటికే తెల్లని గీత ఉంది.

బెల్ట్‌ను మాత్రం పారేయలేదు. ప్లాస్టిక్ క్లిప్ కోసేసి, పట్టీని రెండు లోహపు రింగుల్లోంచి తిప్పి బిగించేలా కుట్టించుకున్నాను. ఊడదీయడానికి ఇప్పుడు అర నిమిషం పడుతుంది, దానికి నాకు అభ్యంతరం లేదు. సంచి వెనుక గుడ్డతో ఒక చిన్న లూప్ కుట్టించి, ప్యాంటు బెల్ట్‌ను దానిలోంచి పోనిస్తున్నాను. పట్టీ తెగినా సంచి అక్కడే వేలాడుతుంది. రెండో కార్డును, కొంత డబ్బును, పాస్‌పోర్టు నకలును సామాను అడుగున వేరుగా పెడుతున్నాను. ఈ ఆఖరి పని మొదటి రోజు నుంచే చేయవలసింది. రహస్యంగా ఉంది కదా అని ఉన్నదంతా ఒక్క చోటే దాచడం నా తప్పే, బెల్ట్ తప్పు కాదు.

కొనాలా వద్దా అని అడిగితే నా సమాధానం నా ఒంటికీ నా తిరుగుడుకూ తగినది మాత్రమే. నేను సన్నగా ఉంటాను, చొక్కా వదులుగా బయటికి వేసుకుంటాను, ఏడాదికి రెండు మూడు దూర ప్రయాణాలు, అందులోనూ రాత్రి రైళ్లు ఎక్కువ. నిద్రపోతున్నప్పుడు కూడా వస్తువు ఒంటి మీదే ఉండాలనుకునేవారికి దీనికి మించినది నాకు ఇంతవరకు దొరకలేదు. చర్మానికి ఒరుపు పడనివారికి, ఎక్కువసేపు కూర్చుని వాహనం నడిపేవారికి, నడుము దగ్గర బిగువైన బట్టలు వేసుకునేవారికి ఇది సుఖంగా ఉంటుందని చెప్పలేను. మా అక్క నాలుగు రోజులు వాడి, పొట్ట మీద దద్దుర్లు వచ్చి, మెడలో వేసుకునే రకానికి మారింది. దాని తాడు మెడ వెనుక కాలర్ దగ్గర బయటికి కనబడుతుందని నా అభ్యంతరం, తనకు మాత్రం అదే హాయిగా ఉందంటుంది.

ఇప్పుడు ప్రయాణంలో రోజూ ఉదయం సంచిని ఒక్కో చోటికి మారుస్తున్నాను. ఒక రోజు కుడి పక్కకు, మరునాడు ఎడమ పక్కకు, ఆ తరువాత నడుము వెనుక పల్లంలోకి. కొత్త చోట మొదటి గంట కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, పాస్‌పోర్టు అంచు గుచ్చుకుంటుంది. దాన్ని సర్దుకోకుండా అలాగే ఉంచుతున్నాను.