కిగాలీలో రెండు వారాల టీకా మోడలింగ్ శిక్షణ: వెళ్లొచ్చినవాళ్ల మాటగా

రువాండా రాజధాని కిగాలీలో జరిగే ఈ శిక్షణలో, టీకాల వల్ల ఏం జరుగుతుందో గణితంతో ముందుగా అంచనా కట్టడం నేర్పుతారు. మొదటి రోజు మధ్యాహ్నం బోర్డు మీద వేసిన లెక్క ఒకటి నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంది. వంద మంది పిల్లలు పుట్టారు. తొంభై మందికి తొమ్మిదో నెలలో తట్టు టీకా పడింది. ఆ వయసులో టీకా వందలో ఎనభై అయిదు మందికి పనిచేస్తుంది. అంటే నిజంగా రక్షణ దొరికింది డెబ్బై ఆరు, డెబ్బై ఏడు మందికి. మిగిలిన ఇరవై మూడు మంది ఊళ్లోనే ఉంటారు. వచ్చే ఏడాది ఇంకో ఇరవై మూడు, ఆ పై ఏడు ఇంకో ఇరవై మూడు. రెండో డోసు లేకపోతే నాలుగేళ్లు తిరిగేసరికి, ఒక ఏడాదిలో పుట్టే పిల్లలంత మంది రక్షణ లేకుండా పోగవుతారు. ఆ గీత దాటకముందే ఊరూరా టీకాల కార్యక్రమం పెట్టాలి. కవరేజీ, అంటే టీకా పడినవాళ్ల శాతం, తొంభై కాక డెబ్బై అయిదే అయితే నాలుగేళ్లు ఆగకూడదు, మూడేళ్లు నిండకముందే పెట్టాలి.

కంప్యూటర్ తెరవకుండా, మార్కర్ పెన్నుతో పది నిమిషాల్లో చెప్పారు ఇది. నేను మలావీలో ఎనిమిదేళ్లుగా టీకాల డేటా పని చేస్తున్నాను. కార్యక్రమాలు మూడు నాలుగేళ్లకోసారి ఎందుకు వస్తాయో నాకు తెలుసనే అనుకున్నాను. తెలిసింది తేదీలే, కారణం అక్కడే అర్థమైంది.

ఆఫ్రికాలో ఆరోగ్య శాఖలతో పనిచేసే మనవాళ్లు కొందరు ఈ కోర్సుకి వెళ్లాలా వద్దా అని అడిగారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కోర్సు ఉద్దేశం ఒక్క మాటలో చెప్పాలంటే, ఏ టీకా ఎప్పుడు, ఎవరికి ముందు అన్న నిర్ణయం ఏ దేశంలో జరుగుతుందో, ఆ లెక్క కట్టేవాళ్లు కూడా ఆ దేశంలోనే ఉండాలి. మలేరియా టీకా కథ చూస్తే ఇది ఎందుకు కావాలో తెలుస్తుంది. ఆర్‌టీఎస్,ఎస్ టీకా పెద్ద ప్రయోగం ఏడు ఆఫ్రికా దేశాల్లో, పదిహేను వేలకు పైగా పిల్లలతో జరిగింది. నాలుగు డోసులు తీసుకున్న పిల్లల్లో నాలుగేళ్లలో మలేరియా మూడో వంతుకు కాస్త ఎక్కువే తగ్గింది. ఆ ఫలితాన్ని తీసుకుని దేశానికి ఎంత లాభం, ఎంత ఖర్చు అని లెక్క కట్టిన నాలుగు మోడలింగ్ బృందాల్లో ఒక్కటి కూడా ఆఫ్రికాలోది కాదు. లండన్, బాసెల్, సియాటిల్ పక్కన ఒకటి, నాలుగోది టీకా తయారుచేసిన కంపెనీది. వాళ్ల పనిలో తప్పు లేదు, చాలా మంచి పని. కానీ 2019 ఏప్రిల్ 23న మలావీలో ఆ టీకా మొదలైనప్పుడు జిల్లా ఆఫీసులో వచ్చిన ప్రశ్నలకు జవాబు చెప్పడానికి వాళ్లెవరూ పక్కన లేరు. నాలుగో డోసుకు తల్లులు రావడం తగ్గితే ఏమవుతుంది అని మా జిల్లా అధికారి నన్నడిగారు. నా దగ్గర జవాబు లేదు.

కోర్సు విషయానికొస్తే, మొదటి వారం గణితం. అంటువ్యాధి ఎలా పాకుతుందో లెక్కకట్టే 1927 నాటి కెర్మాక్, మెక్‌కెండ్రిక్ సమీకరణాలతో మొదలుపెట్టి, మూడు డబ్బాల మోడల్ (జబ్బు సోకగలవాళ్లు, సోకినవాళ్లు, కోలుకున్నవాళ్లు) నుంచి వయసు వారీగా విడదీసిన మోడల్ దాకా తీసుకెళ్తారు. అంతా ఆర్ అనే కంప్యూటర్ భాషలోనే. కొంచెం కోడ్ రాయడం వస్తే ఇబ్బంది లేదు. అసలు రానివాళ్లు మాత్రం నెల ముందు నుంచి సాధన చేసి వెళ్లాలి. మా బ్యాచ్‌లో ఇద్దరు డాక్టర్లు మూడో రోజుకే వెనకబడ్డారు, వాళ్ల కోసం సాయంత్రాలు విడిగా క్లాసు పెట్టారు. ఆ ఓపికకు నిర్వాహకులను మెచ్చుకోవాలి.

నాకు బాగా పనికొచ్చింది గురువారం నాటి హారం క్లాసు. పేరు అది కాదు, మేమంతా అలాగే పిలిచాం. ఒక జిల్లా కాగితం ఇచ్చారు, తట్టు మొదటి డోసు కవరేజీ 108 శాతం. అదే జిల్లాలో ఆ ఏడాదే తట్టు వ్యాపించింది. లవం, అంటే టీకా వేసిన పిల్లల సంఖ్య, టీకా కార్డుల నుంచి, వేసిన ప్రతి టీకాకి ఒక గీత గీసే రోజువారీ పట్టీల నుంచి వస్తుంది. హారం, అంటే ఆ జిల్లాలో ఉన్న పిల్లల సంఖ్య, జనాభా లెక్కల నుంచి వస్తుంది. మలావీలో జనాభా లెక్కలు 2008లో ఒకసారి, 2018లో ఒకసారి జరిగాయి. మధ్య ఏళ్లన్నీ అంచనాలే. జనం వలస వచ్చిన చోట హారం చిన్నదైపోతుంది, కవరేజీ వంద దాటుతుంది. పక్క జిల్లా తల్లులు దగ్గరని ఈ కేంద్రానికి వచ్చి టీకా వేయిస్తే లవం పెరుగుతుంది. ఆ 108ని అలాగే మోడల్‌లో పెడితే టీకా పడని పిల్ల ఒక్కరూ లేరని చెబుతుంది. వంద దగ్గర కోసేసినా అబద్ధమే. ఇంటింటి సర్వే అంకెతో పోల్చి, రెండిటి మధ్య ఎక్కడుందో ఎలా అంచనా వెయ్యాలో ఆ రోజంతా చేయించారు. క్లాసు నడిపినావిడ ఘనాలో చాలా ఏళ్లు జిల్లా రిజిస్టర్లు చూసిన మనిషి. పట్టీ మీద గీతలన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఉంటే అది నెలాఖరున కూర్చుని నింపినదని చూపించారు. ఇలాంటివి ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.

కలరా అభ్యాసం గురించి కూడా చెప్పాలి. 2022 అక్టోబరులో ప్రపంచమంతా నోటి టీకా నిల్వలు తగ్గిపోయి, రెండు డోసుల చోట ఒక్కటే ఇవ్వాలని నిర్ణయించారు. ఉన్న డోసులతో సగం మందికి రెండేసి వెయ్యాలా, అందరికీ ఒక్కోటి వెయ్యాలా? అప్పటికి మలావీలో కలరా నడుస్తోంది. అది సద్దుమణిగేసరికి 58 వేలకు పైగా కేసులు, 1,700కు పైగా మరణాలు. క్లాసులో ఈ లెక్క చేస్తుంటే నాకు చెయ్యి ఆడలేదు. పక్కన కూర్చున్న జాంబియా అబ్బాయి నా లాప్‌టాప్ తీసుకుని తనే కోడ్ పూర్తి చేశాడు. వ్యాప్తి జోరుగా ఉన్నప్పుడు, ఒక్క డోసు రక్షణ కొన్ని నెలలైనా నిలిచేటట్టయితే, ఎక్కువమందికి ఒక్కోటి వెయ్యడమే మేలని మా మోడల్‌లో వచ్చింది. రక్షణ తొందరగా తగ్గుతుందని పెడితే ఫలితం తిరగబడింది. ఏ అంకె మీద నిర్ణయం ఆధారపడి ఉందో వేలుపెట్టి చూపించడమే మోడల్ చేసే పని అని నాకు ఆ రోజు నమ్మకం కుదిరింది.

రెండో వారం చివరి మూడు రోజులకే నేను ఈ కోర్సుకి ఎక్కువ మార్కులు వేస్తాను. ప్రభుత్వానికి టీకాలపై సలహా ఇచ్చే నిపుణుల కమిటీ చాలా దేశాల్లో ఉంది, నైటాగ్ అంటారు. అలాంటి కమిటీ సమావేశాన్ని ఉన్నదున్నట్టు నడిపించారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు, తెర మీద చూపించడానికి నాలుగు బొమ్మలు (స్లైడ్లు). ఎదురుగా కూర్చున్నవాళ్లు నిజంగా టీకా కార్యక్రమాలు నడిపి రిటైరైనవాళ్లు. నా బొమ్మలో ఒక జిల్లాకి "1,840 మరణాలు తప్పుతాయి" అని రాసుకున్నాను, ఊహించిన జిల్లాయే.

కమిటీలో పెద్దావిడ అడిగారు: "ఆ చివరి నలభై మంది ఎవరో మీకు తెలుసా?"

తెలియదన్నాను.

"మరి ఎందుకు రాశారు? మంత్రిగారు ఆ అంకెను రేడియోలో చెబుతారు. వచ్చే ఏడాది ఎవరో లెక్కపెట్టి మమ్మల్ని అడుగుతారు. వెయ్యి నుంచి రెండున్నర వేల మధ్య అని చెప్పండి, ఎందుకంత తేడానో కూడా చెప్పండి. మాకు అర్థమవుతుంది."

తర్వాతి ప్రశ్న డబ్బు గురించి. పేద దేశాలకు టీకాలు కొనిపెట్టే అంతర్జాతీయ సంస్థ గవీ. పేద దేశాలు దాని సాయంతో తెచ్చుకునే టీకాల్లో చాలావాటికి డోసుకు 20 అమెరికన్ సెంట్లు తమ వాటాగా కడతాయి. ఆ కాస్త కూడా బడ్జెట్‌లో ఏ పద్దు కింద నుంచి వస్తుందో, కోల్డ్ రూమ్‌లో చోటుందో నా మోడల్‌లో ఎక్కడా లేదు. ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని బొమ్మలన్నీ మార్చాను.

ఎబోలా ఉదాహరణ కూడా ఆ మూడు రోజుల్లోనే వచ్చింది. 2014 సెప్టెంబరులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, పరిస్థితి మారకపోతే లైబీరియా, సియెరా లియోన్‌లలో జనవరికల్లా కేసులు 14 లక్షల దాకా వెళ్లొచ్చని అంచనా వేసింది. చివరికి గినీతో సహా మూడు దేశాల్లో కలిపి తేలినవి 28,600 చిల్లర. "మారకపోతే" అన్న మాట పత్రికల్లో జారిపోయింది. అంకె మాత్రం ఉండిపోయింది. ఆ ఒక్క మాట బొమ్మలో ఎక్కడ, ఎంత పెద్ద అక్షరాల్లో రాయాలన్న దాని మీదే గంటసేపు వాదించుకున్నాం.

ఇక లోపాలు. మొదటి రోజు పొద్దున్నంతా ఇంటర్నెట్ గొడవే. ముప్పై మంది ఒకేసారి ఆర్‌కి కావాల్సిన ప్యాకేజీలు ఇంటర్నెట్ నుంచి దింపుతుంటే భోజనాల వేళకి కూడా అవలేదు. అన్నీ పెన్ డ్రైవ్‌లో ఇచ్చి ఉంటే సరిపోయేది. రెండోది పెద్ద లోపం: పాఠాలన్నీ ఇంగ్లిషులోనే. మాలీ, బుర్కినా ఫాసో, సెనెగల్ నుంచి వచ్చినవాళ్లు ఫ్రెంచిలో చదువుకున్నవాళ్లు. గణితంలో మా అందరికన్నా గట్టివాళ్లు. చర్చ మొదలయ్యేసరికి నోరు మెదపలేకపోయారు. తెలుగు మీడియంలో చదివి కాలేజీకి వెళ్లినదాన్ని, ఆ మౌనం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కమిటీ సమావేశాన్ని ఫ్రెంచిలో కూడా ఒకసారి నడపమని చివరి రోజు ఫారంలో రాశాను. మీరు వెళ్తే మీరూ రాయండి.

మూడోది, తర్వాత తోడు లేకపోవడం. రెండు వారాలయ్యాక సర్టిఫికెట్ చేతికొస్తుంది, అంతటితో సరి. అసలు చిక్కులు ఆఫీసుకి తిరిగొచ్చాకే మొదలవుతాయి. డేటా అడిగితే ఉత్తరం తెమ్మంటారు, ఉత్తరం తెస్తే ఫైలు కదలదు. వయసు వారీ మోడల్‌లో రెండో డోసు దగ్గర నాది ఆగిపోతే, అడగడానికి మనిషి లేక మూడు వారాలు పోయాయి. ఆరు నెలలు నెలకోసారి గంటసేపు ఎవరైనా ఆన్‌లైన్‌లో కూర్చున్నా చాలు. ఇంకో మాట, మోడల్ నేర్చుకునేవాళ్లతో పాటు దాన్ని వాడాల్సిన ప్రభుత్వ అధికారిని కూడా ప్రతి దేశం నుంచి ఒకరిని తీసుకురావాలి. రెండు రోజులకైనా సరే.

ఐదుకి నాలుగు ఇస్తాను. వెళ్లేవాళ్లు మీ జిల్లా టీకా రిజిస్టర్ పేజీలు కొన్ని, పేర్లు కొట్టేసి, ఫోటోకాపీ పట్టుకెళ్లండి. హారం క్లాసులో వాటి మీదే పని చేయనిస్తారు. నెలలో చివరి శనివారం పొద్దున రువాండా అంతా ఉముగాండా శ్రమదానంలో ఉంటుంది, దుకాణాలు మూసేస్తారు, బళ్లు దొరకవు. కొనుక్కోవాల్సినవి ముందురోజే కొనుక్కోండి.

మా జిల్లా అధికారి మొన్న మళ్లీ అడిగారు, నాలుగో డోసు గురించే. వచ్చే నెల సమావేశంలో పదిహేను నిమిషాలు ఇమ్మన్నాను, ఇస్తానన్నారు. బొమ్మలు నాలుగే. మరణాల అంకె ఉన్నచోట రెండు అంకెలూ, మధ్యలో "నుంచి" అన్న మాటా పెట్టాను.